చప్పట్ల బాలమణి

సినిమాలో చప్పట్లు కొట్టడం తేలికని అనేవాళ్ళు ఎన్నడూ కొట్టి ఉండరు. రెండొందల మంది ఒకేసారి మొదలుపెట్టాలి, ఒకేసారి ఆపాలి. ఒక్కడు ముందు కొట్టినా, ఒక్కతి ఆలస్యంగా ఆపినా దర్శకుడు మైకులో అందరి వంశాలనూ పేరుపేరునా తలుచుకుంటాడు. అందుకే కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులకు ఒక పద్ధతి ఏర్పడింది. ఏజెంటు త్రినాథరావు ఒక మూల నిలబడి తెల్ల రుమాలు పైకెత్తుతాడు. ముందు వరసలో కూర్చున్న బాలమణి ఆ రుమాలు చూసి మొదటి చప్పట్లు కొడుతుంది. మిగతావాళ్ళెవరూ రుమాలు చూడరు, బాలమణి చేతులు చూస్తారు. రుమాలు దిగితే ఆమె ఆపుతుంది, ఆమె ఆపితే అందరూ ఆపుతారు. పెళ్ళిసభకైనా ఎన్నికల సభకైనా ఇదే పద్ధతి. ఇన్నేళ్ళలో ఆమె చప్పట్లతో గెలవని హీరో లేడు. తెరమీద ఆమె నోటినుంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. కెమెరా వైపు చూడకపోవడం, నోరు మెదపకపోవడం, ఈ రెండే ఆమె నేర్చిన నటన.

ఆ మంగళవారం పొద్దున కృష్ణానగర్‌లో ఎక్కిన బస్సులు ఏ స్టూడియోకీ పోకుండా జూబ్లీహిల్స్ కొండెక్కి ఒక క్లబ్బు ముందు ఆగేసరికి అందరికీ అనుమానం వచ్చింది. లోపల నీలం రంగు కోర్టు, దాని చుట్టూ మెట్లు మెట్లుగా కుర్చీలు, ఆ కుర్చీల్లో అక్కడొకరు ఇక్కడొకరు. లైట్లు లేవు, క్రేను లేదు, మేకప్ వ్యాను లేదు.

"కెమెరా ఏదన్నా?" అని అడిగాడు నర్సింహ. ఈలలకు పెట్టింది పేరు నర్సింహ. అతను రెండు వేళ్ళు నోట్లో పెట్టాడంటే శ్రీనగర్ కాలనీలో కుక్కలు లేస్తాయి.

"ఉన్నాయి గాని సినిమావి కావు, టీవీవి," అన్నాడు త్రినాథరావు. ఆయన రాజమండ్రి నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా మాటలో గోదావరి తేమ ఆరలేదు. "ఇది నిజం టెన్నిసయ్యా. మగాళ్ళ పోటీ. ఈ కాలంలో ఆసియా దేశాలన్నీ ఊరూరా తిరిగి ఆడతారంట. మొన్న పుణే, ఈ వారం మన ఊరు, పై వారం బ్యాంకాకో ఏదో. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆడుతుంటే చూసే నాథుడు లేడు. ఖాళీ కుర్చీలు టీవీలో పడితే బాగోదు కదా. అందుకని మనం."

"డబ్బులు పెట్టి ఆడిస్తున్నదెవలు?"

"ప్రొడ్యూసర్ రఘునందన్ గారు."

నిలబడ్డవాళ్ళు ఇంకాస్త నిటారుగా నిలబడ్డారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఆఫీసు మెట్లెక్కని జూనియర్ ఆర్టిస్టు ఉండడు. ఆయన కొడుకు సృజన్ ఈ పోటీలో ఆడుతున్నాడని, అతనికి వైల్డ్ కార్డు ఇచ్చారని త్రినాథరావు చెప్పాడు.

"అంటే? టీవీ షోల నడిమిట్ల ఇంట్లకొచ్చేటోళ్ళ లెక్కనా?" అన్నాడు నర్సింహ.

"దాదాపు అంతే. మిగతావాళ్ళు ర్యాంకు ఉండో, ముందు వేరే మ్యాచ్‌లు గెలిచో రావాలి. ఈయన నేరుగా వస్తాడు. ఇప్పుడు చెవులొగ్గి వినండి. సృజన్ బాబు పాయింటు కొడితే చప్పట్లు. అవతలివాడు కొడితే మౌనం. బంతి నడుస్తున్నంతసేపూ దగ్గు కూడా రాకూడదు, టెన్నిస్‌లో అది మహాపాపం. ఇదిగో, ఈ తెల్లది పనికి. ఈ గళ్ళ రుమాలు నా చెమటకి."

తర్వాత ఆయన బాలమణిని పక్కకు పిలిచాడు. "రఘునందన్ గారి కొత్త సినిమాలో నీకో డైలాగు మాట్లాడాను. బస్టాపులో హీరోని ఆపే ఆవిడ. నాలుగు ముక్కలే, కానీ నీ మొహం మీద షాటు. ఈ వారం ఇక్కడ సరిగ్గా నడిపించావంటే ఖాయం."

బాలమణి కొంగు తీసుకుని, ఇంకా పట్టని చెమట తుడుచుకుంది. గుండె మాత్రం మొదటి రోజు మేకప్ వేసుకున్న పిల్లకు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

మొదట్లో కాస్త నవ్వులపాలయ్యారు. సినిమాలో టెన్నిస్ సీనంటే బంతి ఉండదు. అసిస్టెంటు డైరెక్టరు ఎడమ, కుడి అని అరుస్తుంటే తలలు తిప్పాలి. ఆ అలవాటు పోలేదు. సృజన్ సర్వీసుకు ముందు బంతిని నేలమీద కొట్టుకుంటూ నిలబడితే, రెండొందల తలలు అటూ ఇటూ తాళం తప్పకుండా తిరుగుతున్నాయి. బంతులందించే పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. "తలకాయలు ఆపుండ్రి, బాలు ఇంక పోలే," అని బాలమణి పళ్ళ సందునుంచి అంటే గాని ఆగలేదు.

ఆట మొదలయ్యాక ఆమె పని ఆమె చేసింది. కళ్ళు త్రినాథరావు చేతిమీదే. రుమాలు లేచింది, కొట్టింది. దిగింది, ఆపింది. మధ్యలో ఒక్కసారి మాత్రం కన్ను కోర్టు మీదికి పోయింది. ఎక్కడో మూలన పడబోతున్న బంతికోసం సృజన్ పరుగెత్తి, నేలమీద పడి, పడుతూనే దాన్ని వలకు అవతల వేశాడు. మోచేయి గీరుకుపోయింది. బాలమణి చేతులు వాటంతటవే కొట్టేశాయి. ఆ తర్వాతే రుమాలు లేచింది. మ్యాచ్ అయ్యాక త్రినాథరావు చీవాట్లు పెట్టాడు. "తొందరెందుకు నీకు? నేను చూసుకుంటున్నాను కదా."

సృజన్ గెలిచాడు. తువ్వాలు మెడలో వేసుకుని తిన్నగా ముందు వరస దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. గడ్డం ఇంకా నిండుగా రాలేదు.

"థాంక్స్ ఆంటీ. మీరే ఫస్ట్ కొడతారు కదా? అక్కడ నాకు వినిపిస్తుంది. ఏ ఊళ్ళో ఆడినా మా డ్రైవర్ తప్ప ఎవరూ రారు. మన హైదరాబాద్‌లో ఇంతమంది వస్తారని నేననుకోలేదు."

బాలమణి త్రినాథరావు వంక చూసింది. ఆయన ఆకాశం వంక చూశాడు. "మంచిగ ఆడినవ్ బిడ్డా," అంది ఆమె. అబద్ధం కాదు గనక ఆ మాట సులువుగానే వచ్చింది.

భోజనాల వేళ ఇంకో పిల్లవాడు తగిలాడు. స్టాండు వెనక షామియానా కింద ప్రొడక్షన్ భోజనం వడ్డిస్తున్నారు. పప్పు గిన్నె దగ్గర గరిటె బాలమణి చేతికి వచ్చింది. ఎన్ని వందల మందికైనా పప్పు చాలేట్టు వడ్డించడం ఆమెకే చేతనవును. వరసలో నర్సింహ వెనక, పొడుగ్గా సన్నగా, ఎండకు చెవులు ఎర్రబడిన తెల్ల పిల్లవాడొకడు ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆటగాళ్ళ భోజనం పైన చల్లటి హాల్లో ఉంది. ఇతను దారి తప్పాడో, ఇక్కడి పోపు వాసనకు వచ్చాడో తెలియదు. బాలమణి అన్నం పెట్టింది, పప్పు పోసింది, ఒక్క క్షణం ఆలోచించి ఆవకాయ మాత్రం మానేసింది. అతను గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగి, "రహ్మెత్," అన్నాడు.

"రహమత్‌నగరా?" అని బాలమణి గరిటెతోనే చూపించింది. "గిట్ల కిందికి దిగి, యూసుఫ్‌గూడ దాటినంక ఎడమకు."

అతను ఆ గరిటె చూపిన వైపు మర్యాదగా చూసి మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు పక్కనున్న క్లబ్బు వెయిటరు నవ్వి, ఆయనది కజకిస్తాన్ అని, పేరు దనియార్ అని, వాళ్ళ భాషలో ఆ మాటకు కృతజ్ఞత అని అర్థమని చెప్పాడు. వెంట కోచ్ లేడట, ఎవరూ లేరట. పొట్ట చేత్తో పట్టుకుని ఊరూరా తిరుగుతున్నాడట. అతను రెండోసారి పప్పుకు వచ్చాడు. సాయంత్రం బస్సెక్కబోతూ బాలమణి చూస్తే, స్టాండు వెనక నల్లా దగ్గర కూర్చుని తన చొక్కా తనే ఉతుక్కుంటున్నాడు. పిండటం రాదు పాపం. నీళ్ళు కారుతున్న చొక్కాను కడ్డీమీద ఆరేసి, నాలుగు మూలలా గుంజి సవరించాడు. ఎవరి కొడుకో అనుకుంది బాలమణి. బస్సు హారను కొడుతున్నా కాస్త ఆగి చూసింది.

* * *

బుధవారం సృజన్‌కు ఆట లేదు. ఫిల్మ్‌నగర్‌లో రఘునందన్ ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. అసిస్టెంటు డైరెక్టరు భావన, జీన్సు ప్యాంటు పిల్ల, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ ఆఫీసులో బాలమణి కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"సీన్ సింపుల్ ఆంటీ. హీరో కోపంగా వెళ్ళిపోతుంటాడు. మీరు లేచి ఆపుతారు. 'బాబూ, ఒక్కమాట విని వెళ్ళు.' అంతే. కానీ ఆ మాటతో అతను ఆగిపోవాలి. ఆడియెన్స్ కూడా ఆగిపోవాలి. ఒకసారి చెప్పండి?"

"బాబూ, ఒక్కమాట ఇని పో."

"ఇని పో కాదు ఆంటీ. విని వెళ్ళు. క్యారెక్టర్ విజయవాడ."

"గట్లనా," అని బాలమణి నాలుక మడిచి, సాపు చేసి మళ్ళీ అంది. ఈసారి విజయవాడ దాకా పోలేదు గాని సూర్యాపేట దాటింది. భావన నవ్వింది. రేపటి మ్యాచ్ అయ్యాక, శనివారం షూటింగని చెప్పింది.

ఇంట్లో బాలమణి పొయ్యి దగ్గర అంది, నల్లా దగ్గర అంది, అద్దంలో చూసుకుంటూ అంది. "బాబూ, ఒక్కమాట విని వెళ్ళు." కూతురు నవత బంజారాహిల్స్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తుంది. మధ్యాహ్నం డ్యూటీకి జడ వేసుకుంటూ అద్దంలోంచే తల్లిని చూసింది.

"మమ్మీ, వచ్చినప్పటిసంది నన్ను బాబూ అంటున్నవ్. ఏందే నీ కత?"

"జర ఆగి వినే. ఆగబుద్ధైతుందా?"

నవత గుమ్మం దగ్గర చెప్పుల్లో కాలు పెట్టి ఆగింది. నిజంగానే ఆగింది. "అయితుంది మమ్మీ," అంది, నవ్వకుండా. బాలమణికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఉల్లిగడ్డల మీద తోసేసింది.

ఆ సాయంత్రమే త్రినాథరావు ఫోన్ చేశాడు. రేపు మధ్యాహ్నం మ్యాచ్, బస్సులు పొద్దున్నే, రఘునందన్ గారు స్వయంగా వస్తున్నారు. "అవతల ఆడేది కజకిస్తాన్ వాడంట. మన తిండి తిన్నాడే, ఆ పొడుగోడు."

బాలమణి ఫోను పెట్టేసి కాసేపు కూరలో గరిటె తిప్పడం మరిచిపోయింది.

* * *

గురువారం ఎండ కొండమీద చుర్రుమంటోంది. రఘునందన్ తెల్లచొక్కాలో ఎదురుగా సోఫాలో కూర్చున్నాడు. ఆయన కూర్చున్నందుకు త్రినాథరావు గళ్ళ రుమాలు మొదటి సెట్టులోనే తడిసి ముద్దయింది.

మొదటి సెట్టు సృజన్ గెలిచాడు, రెండోది దనియార్. బాలమణికి ఆట కొద్దికొద్దిగా అర్థమవుతోంది, అదే ఆమె ప్రాణానికి వచ్చింది. అర్థం కానంతకాలం రుమాలు చూసుకుని బతకవచ్చు. దనియార్ వెనకనుంచి పెద్ద దెబ్బ కొట్టేవాడిలా చెయ్యి ఎత్తి, చివరి క్షణంలో బంతిని పిల్లిపిల్లను దించినంత మెత్తగా వల పక్కన దించాడు. ఆమె అరచేతులు దురద పెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆమె కొట్టలేదు గనక రెండొందల మందీ కొట్టలేదు. అంత మంచి దెబ్బకు అంతటి నిశ్శబ్దం. దనియార్ తలెత్తి స్టాండు వైపు చూశాడు. ఎవరైనా చూస్తారు, బాగా చేశానా అని. ముందు వరసలో పప్పు పోసిన ఆవిడ కనిపించి, గుర్తుపట్టి, తల కాస్త వంచాడు. బాలమణి కెమెరా కంట పడ్డట్టు మొహం తిప్పేసుకుంది. సిగ్గనిపించింది.

మూడో సెట్టు చివరికి వచ్చింది. ఇంకొక్క పాయింటు వస్తే సృజన్ గెలిచినట్టే. బంతి అటూ ఇటూ చాలాసేపు నడిచింది. ఇద్దరూ రొప్పుతున్నారు. సృజన్‌ను మూలకు తరిమాడు దనియార్. తప్పించుకోవడానికి సృజన్ బంతిని గాల్లోకి ఎత్తి కొట్టాడు. అది చాలినంత దూరం పోలేదు. వల దగ్గరే, దనియార్ నెత్తిమీదికి నింపాదిగా దిగుతోంది. చంటిపిల్లవాడైనా కొట్టగల బంతి. దనియార్ రాకెట్టు వెనక్కి ఎత్తి కాచుకున్నాడు.

అప్పుడు త్రినాథరావు నుదుటి చెమట కంట్లోకి దిగింది. గళ్ళ రుమాలు తడిసిపోయిందని జేబులోకి తోసేశాడాయన. చేతిలో ఉన్నదాన్ని నుదుటికి ఎత్తాడు. అది తెల్లది.

బాలమణి కొట్టింది. ఆమె కొట్టిందనడం కంటే, ఇన్నేళ్ళ అలవాటు కొట్టింది. ఆమె వెనక రెండొందల మంది కొట్టారు. నర్సింహ ఈల ఆకాశానికి లేచింది. దనియార్ చెయ్యి గాల్లోనే ఉలిక్కిపడింది. బంతి రాకెట్టు చట్రానికి తగిలి వలలో పడింది.

దనియార్ ఎత్తు కుర్చీలోని అంపైరు వంక చెయ్యి చాచి చూశాడు. అంపైరు, ఆయనా పరాయి దేశస్థుడే, తల అడ్డంగా ఊపాడు. జనం గోలకు మళ్ళీ ఆడించే రూలు లేదన్నట్టు భుజాలెగరేసి, సృజన్ గెలిచాడని మైకులో చెప్పాడు. దనియార్ ఇంక వాదించలేదు. రాకెట్టు చంకలో పెట్టుకుని, చొక్కా అంచుతో మొహం తుడుచుకుని, చెయ్యి కలపడానికి వల దగ్గరికి నడిచాడు. ఆ చొక్కా ఎవరు ఉతికారో బాలమణికి తెలుసు.

సృజన్ రెండు చేతులూ పైకెత్తాడు. త్రినాథరావు రుమాలు ఈసారి నిజంగానే ఎత్తాడు. ఎత్తి ఊపాడు. బాలమణి చేతులు లేవలేదు. ఆమె చేతులు లేవలేదు గనక ఎవరి చేతులూ లేవలేదు. చేతులెత్తిన సృజన్ ఆ నిశ్శబ్దానికి అయోమయంగా ముందు వరసకేసి చూసి, మళ్ళీ వల వైపు కదిలాడు.

బాలమణి లేచి నిలబడింది. ఏమనాలో తెలియదు. రెండు రోజులుగా గొంతులో సిద్ధంగా ఉన్నది ఒక్కటే. అదే వచ్చింది.

"బాబూ, ఒక్కమాట విని వెళ్ళు."

విజయవాడలో పుట్టినవాళ్ళు కూడా అంత శుభ్రంగా అనలేరు. సృజన్ ఆగాడు. సోఫాలో రఘునందన్ ఆగాడు, చేతిలో కాఫీ కప్పు ఆగింది. ఆయనతో వచ్చి మూలన కూర్చున్న భావన తలెత్తింది. ఆ తర్వాతిది ఎవరూ రాసివ్వలేదు గనక బాలమణి తన నోటితోనే చెప్పింది.

"గది నీ పాయింటు కాదు బిడ్డా. మేం కిరాయికొచ్చినోళ్ళం. రుమాలు లేస్తే కొడ్తం. గాయన చెమట తుడుసుకుండు, నేను సూసుకోక కొట్టిన. నేను కొడ్తే అందరు కొట్టిన్రు. గా పిల్లగాడు కొట్టేటోడే. మేమే ఆగం జేసినం."

సృజన్ దగ్గరికి వచ్చాడు. "కిరాయికా?" అన్నాడు మెల్లిగా. "మొన్న కూడానా ఆంటీ?"

"మొన్న గూడ."

అతని మొహం చూడలేక బాలమణి తన అరచేతులు చూసుకుంది. ఎర్రగా ఉన్నాయి. సృజన్ తిరిగి సోఫా వైపు చూశాడు. రఘునందన్ ఫోనులో ఏదో చాలా అవసరమైనది వెతుక్కుంటున్నాడు. సృజన్ వల దగ్గర చెయ్యి చాచి నిలబడ్డ దనియార్‌ను దాటి, అంపైరు కుర్చీ దగ్గరికి పోయాడు. ఏదో చెప్పాడు. అంపైరు వంగి విన్నాడు, నమ్మలేనట్టు ఇంకోసారి అడిగాడు. సృజన్ దనియార్ వైపు వేలు చూపించి తల ఊపాడు. తర్వాత మైకులో చెప్పింది స్టాండులో సగం మందికి అర్థం కాలేదు గాని, దనియార్ ఉలిక్కిపడి చూసిన చూపు అందరికీ అర్థమైంది. పాయింటు అతనిదే. స్కోరు సమం. ఆట ఇంకా ఉంది.

ఆ మిగిలిన ఆటలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరికీ కొట్టడానికి ధైర్యం లేదు. సృజన్ బాగానే పోరాడాడు, దనియార్ అంతకంటే బాగా ఆడాడు. ఓడిపోయాక సృజన్ వల మీదుగా అతన్ని దగ్గరికి తీసుకుని వీపు తట్టి, ఎటూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. రఘునందన్ కారు అంతకుముందే కొండ దిగింది.

త్రినాథరావు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెల్ల రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "డైలాగు బాగా చెప్పావు బాలమణీ. ఇంక సినిమాలో చెప్పే పని లేదులే."

ఆ రాత్రి నవత అన్నం తానే వండింది.

* * *

శుక్రవారం బస్సులు లేవు. బాలమణి పొద్దున్నే టమాటా పప్పు చేసి, అన్నంతో సహా టిఫిన్ డబ్బాలో సర్దుకుని బయల్దేరింది. నవత వద్దనలేదు, ఆటో మాట్లాడి ఎక్కించింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దిగి కొండ నడిచి ఎక్కింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, ఆ పోటీకి టికెట్టు లేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎవరైనా వచ్చి చూడవచ్చన్న సంగతి ఎవరికీ తెలియదు, అంతే.

స్టాండంతా ఖాళీ. తన పాత చోటులోనే కూర్చుంది. దనియార్ వచ్చాడు. ఈరోజు అవతల ఎవరో జపాన్ పిల్లవాడు. ఆమెను చూసి దనియార్ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. బాలమణి ఈసారి మొహం తిప్పుకోలేదు. డబ్బా ఎత్తి చూపించింది.

మొదటి ఆట అవుతుండగా వెనక కుర్చీ చప్పుడైంది. నర్సింహ. రోజూ క్రౌడు సీన్లకు వేసుకునే చొక్కా కాదు, ఇంట్లో వేసుకునే మాసిన టీషర్టు.

"ఇంట్ల కూసుంటే ఏం తోస్తలేదక్కా," అన్నాడు. "గా పిల్లగాడు ఏం జేస్తడో సూద్దామని."

అతని వెనక ఇద్దరు, వాళ్ళ వెనక ముగ్గురు. బస్సు వేసి తెచ్చిన నాటి వరసలు లేవు, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చున్నారు. ఒకామె మనవణ్ణి తెచ్చింది. ఇంకొకామె చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తోంది. రెండొందల మంది కాదు గాని, టీవీలో ఖాళీగా కనబడనంత మంది వచ్చారు. బాలమణి వాళ్ళవైపు తిరిగి ఒక్కొక్కరినీ చూసుకుని ముందుకు తిరిగింది.

పక్క కుర్చీలో ఎవరో కూర్చున్నారు. టోపీ కిందికి లాక్కున్నా మోచేతి గాయం మీది పట్టీ చూసి పోల్చుకుంది. సృజన్.

"నాన్న మాట్లాడట్లేదు ఆంటీ," అన్నాడు కోర్టు వైపే చూస్తూ.

"మాట్లాడుతడు. కొడుకు కోసం జనాన్ని దెచ్చిన తండ్రి మాట్లాడక యాడికి పోతడు? పద్ధతే తెల్వదు గాయనకు."

అతను నవ్వబోయి ఆగాడు. "మొన్న మీ అందరినీ చూసి ఎంత సంతోషపడ్డానో తెలుసా? అంతా ఉత్తదేనన్నమాట."

బాలమణి అతని వైపు పూర్తిగా తిరిగింది. "అంతా కాదు. ఆ మూలకు ఉరికి, కింద పడి, పడుకుంటనే కొట్టినవ్ సూడు, మోచెయ్యి గీసుకుంది. గప్పుడు నేను రుమాలు లెవ్వకముందే కొట్టిన. త్రినాథన్న తిట్టిండు గూడ, అడుగు కావాల్నంటే. గది కిరాయిది కాదు బిడ్డా. గది నాది."

సృజన్ మోచేతి మీది పట్టీ అంచును గోటితో లాగుతూ కూర్చున్నాడు. తర్వాత, "భావన చెప్పింది, మీ డైలాగు సంగతి. నేను నాన్నని అడుగుతాను," అన్నాడు.

"వద్దు. నా డైలాగు నేను చెప్పుకున్న. ఆగబుద్ధి కావాలన్నది ఆ పిల్ల. నువ్వు ఆగినవ్. సాలు."

కోర్టులో బంతి అటూ ఇటూ నడుస్తోంది. తలలు దానితోపాటే తిరుగుతున్నాయి, కొన్ని ముందు, కొన్ని వెనక. సృజన్ ఆమెవైపు వంగి, "ఆంటీ, ఇప్పుడెప్పుడు కొట్టాలి?" అని గుసగుసగా అడిగాడు.

"కొట్టబుద్ధైనప్పుడు."

దనియార్ చెయ్యి పెద్దగా ఎత్తి, బంతిని మెత్తగా వల పక్కన దించాడు. జపాన్ పిల్లవాడు పరుగెత్తి అందుకోలేకపోయాడు. మొదట వెనక వరసలోని మనవడు కొట్టాడు, తర్వాత నర్సింహ, తర్వాత చిక్కుడుకాయల ఆమె ఒళ్ళోని కాయలు జారుతుంటే ఒక్క చేత్తో తొడమీద. అక్కడొకరు, ఇక్కడొకరు, తాళం లేకుండా, వరస లేకుండా, ఎవరి చప్పట్లు వాళ్ళవి. ఏ దర్శకుడైనా వింటే ఆ షాటు పారేసేవాడు. సృజన్ లేచి నిలబడి కొట్టాడు. బాలమణి ఆ దెబ్బను ఇంకా కళ్ళలోనే చూసుకుంటూ కూర్చుని, అందరూ కొట్టాక ఆఖరున కొట్టింది.

గేటు పక్కన నీడలో త్రినాథరావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. తర్వాతి పాయింటు మొదలైంది. బంతి గాల్లో ఉండగా ఆయన జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. తీసి, ఒక్క క్షణం భయంగా బాలమణి చేతుల వంక చూసి, నుదురు తుడుచుకున్నాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన మెడ కూడా తుడుచుకుని, ఖాళీ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.